గొంతు లోతు నీళ్లు

మూసాపేట ఊరు దాటి కూకట్‌పల్లి బాటన కొంచెం దూరం పోతే, జామతోట మధ్యలో వెంకటనారాయణగారి బంగళా ఉండేది. నిజాం సర్కారులో సుంకాల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి పింఛను పుచ్చుకున్న మనిషి. ముప్పై ఏళ్లపాటు జనం మూటలు విప్పించి చూసీ చూసీ, లోకంలో ప్రతివాడూ ఏదో ఒకటి దాచుకున్న దొంగేనని ఆయనకు గట్టి నమ్మకం ఏర్పడింది. ఊరివాళ్లు మొరటువాళ్లు, పట్నంవాళ్లు టక్కరులు, చుట్టాలు తిండిపోతులు, భార్య కనకలక్ష్మి మందబుద్ధి. పోలీసు చర్య జరిగి, రాజ్యం మారి ఆరు నెలలు దాటింది. కొత్త సర్కారు కూడా పనికిమాలినదేనని ఆయన మొదటి వారంలోనే తేల్చేశాడు.

ఆయన మెచ్చిన ప్రాణి ఒక్కటే ఒక్కటి. అది చేప.

హాలు మధ్యలో, ఇనుప చట్రంలో బిగించిన గాజు తొట్టి ఉండేది. మనిషి కాళ్లు చాపి పడుకునేంత పొడుగు, నడుమెత్తు. దాని నిండా సముద్రపు నీళ్లు, అడుగున తెల్లటి ఇసుక, నాలుగు పగడపు రాళ్లు. ఎవరో నవాబు దేవిడీలో అలాంటి తొట్టి చూసి, వారం రోజులు నిద్రపట్టక, చివరికి విశాఖపట్నం నుంచి తెప్పించుకున్న ఏంజెల్ చేప అందులో ఒంటరిగా తిరిగేది. వచ్చినప్పుడు అది రూపాయి బిళ్లంత. నల్లటి ఒళ్లు, మీద తెల్లటి వంపు గీతలు. ఏడాదిన్నరలో అరచేయంత అయింది. నలుపు పోయి తేనె రంగు వచ్చింది, మొహం నుంచి వీపు దాకా నీలం చారలు తేలాయి, తోక తెల్లబడింది. పక్కన ఇంకో చేపను వేస్తే గంటలో పొడిచి చంపేసేది. గాజులో తన నీడ కనపడినా సహించేది కాదు. కోపం వస్తే ‘డుబ్’మని చప్పుడు చేసేది, ఎవరో వేలి కణుపుతో తలుపు కొట్టినట్టు. ఆ గుణాలన్నీ వెంకటనారాయణకు ఎంతో ముచ్చటగా ఉండేవి. ఎందుకుండవు?

ఇంట్లో ఇంత సముద్రం పెట్టుకున్న ఆ పెద్దమనిషి తన బతుకులో సముద్రం చూసింది లేదు. చూడాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు.

తొట్టి పనంతా ఎల్లేశం చేసేవాడు. మూసాపేట చెరువులో చేపలు పట్టే ఇంటివాడు. మూలన ఒక కమ్మరి తిత్తి బిగించి, దానికి రబ్బరు గొట్టం తగిలించి, గంటకోసారి ఊది నీళ్లలోకి గాలి పంపేవాడు. ఎండకు నీళ్లు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది కాబట్టి, రోజూ తగ్గినంత మేర మంచినీళ్లు పోయాలి. ఎంత పోయాలో వాడికి నాలుకే చెప్పేది. తొట్టిలో వేలు ముంచి, నోట్లో పెట్టుకుని, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, తుపుక్కున ఉమ్మేవాడు. నున్నటి షాబాదు బండల మీద ఉమ్మొద్దని దొర ఎన్నిసార్లు తిట్టినా ఆ అలవాటు పోలేదు.

రెండు నెలలకోసారి నాలుగు పింగాణీ జాడీలు వేసుకుని బెజవాడ బండెక్కి బందరు పోయి, కొత్త నీళ్లు తెచ్చేవాడు. ఒడ్డు దగ్గరి నీళ్లు మురికివనీ, గొంతు లోతుకు పోయి ముంచుకు రావాలనీ దొర హుకుం. చేపల గురించి ఏదో ఇంగ్లీషు పుస్తకంలో శుభ్రమైన నీళ్లు లోపల ఉంటాయని చదివాడట. గొంతు లోతు అన్నది మాత్రం ఆయన సొంత తెలివి.

ఎల్లేశం ఒకసారి నచ్చజెప్పాలని చూశాడు.

“సముద్రం మన చెర్వు లెక్క ఉండది దొరా. గొంతు లోతంటే ఒక్క తీరుగ నిలబడది. అల వచ్చిందంటే తల మీదికెళ్లి పోతది.”

నీళ్లు ఎక్కడైనా నీళ్లేననీ, బద్ధకానికి కొత్త సాకులు వెతకొద్దనీ చెప్పి దొర పేపరు చదువుకోవటంలో పడ్డాడు. హోళీ వెళ్లిన మర్నాడు ఎల్లేశం జాడీలతో బయలుదేరాడు. వాడు బంగళా గేటు దాటుతుంటే చూసినవాళ్లెవరూ లేరు, తిత్తి ఊదే వంతు తీసుకున్న వాడి పెళ్లాం సత్తెమ్మ తప్ప.

పదో రోజున జాబు వచ్చింది. బందరులో ఎల్లేశం దిగే ఉప్పు కొట్టు యజమాని రామచంద్రం రాశాడు.

‘తమ మనిషి ఎల్లేశం నాలుగో జాడీ నింపటానికి వెళ్లి అలల్లో గల్లంతయ్యాడండి. మూడో నాడు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తెలిసినవాళ్లం నలుగురం కలిసి దహనం చేయించామండి. ఇంట్లోవాళ్లకు దయచేసి కబురు చెప్పించగలరు. నింపిన మూడు జాడీలు మా కొట్లో ఉన్నాయి. నాలుగోది అతనితోనే పోయిందండి.’

వెంకటనారాయణ దాన్ని రెండుసార్లు చదివాడు. మొదట ఆయనకు వచ్చిన ఆలోచన, తిత్తి ఎవరు ఊదుతారని. సత్తెమ్మకు చెబితే పది రోజులు ఇంట్లో కూర్చుంటుంది. తర్వాత బాచుపల్లిలో తల్లిగారింటికి పోయినా పోతుంది. ఊళ్లో ఇంకొకడికి ఈ పని రాదు. పది రోజులు గాలి అందకపోతే చేప చస్తుంది. అందుకని ఆయన ఆ జాబును నాలుగు మడతలు పెట్టి బీరువాలో వేసి తాళం వేశాడు. ఒక ఆడదాని మొగుడి చావు అలా బీరువాలోకి పోయింది. ముప్పై ఏళ్లు ఊళ్లవాళ్ల మూటల్లో దొంగసొత్తు వెతికిన మనిషి చేసిన పని ఇది.

ఎల్లేశానికి రేవులో ఏదో కూలి దొరికిందనీ, నెల రోజుల్లో వస్తాడనీ సత్తెమ్మకు చెప్పాడు. ఆమె నమ్మింది. చేతినిండా గాజులతో, నుదుట బొట్టుతో రోజూ వచ్చేది, తిత్తి ఊదేది. పొద్దున రాగానే ఏమన్నా జాబు వచ్చిందా దొరా అని అడిగేది. లేదనేవాడు. అక్కడ మొగుడి బూడిద ఎప్పుడో చల్లారిపోయింది. ఇక్కడ దినం లేదు, పిట్టకు ముద్ద పెట్టింది లేదు, ఏడ్చినవాళ్లు లేరు. చచ్చినవాడికి తాను చచ్చినట్టు ఇంట్లో తెలియని గతి పట్టించాడు దొర.

జాబు వచ్చిన వారానికి బేగంపేట స్టేషన్ నుంచి ఎడ్లబండి తోలే సాయిలు జాడీలు తెచ్చి దించాడు. వెంకటనారాయణ వాకిట్లో నిలబడి చూశాడు.

జాడీలు నాలుగు.

ఆయన మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత ఆయన తెలివి ఆయనకు సాయం వచ్చింది. పోయిన జాడీ ఒడ్డుకు కొట్టుకొచ్చి ఉంటుంది, ఆ రామచంద్రం నింపి పంపి ఉంటాడు. బందరువాళ్ల రాతలు ఎప్పుడు సరిగ్గా ఏడ్చాయి గనక? దగ్గరుండి సత్తెమ్మ చేత నీళ్లు తొట్టిలో పోయించాడు. మూడు జాడీలు ఎండకు కాగి వెచ్చగా ఉన్నాయి. నాలుగోది ఎత్తబోయి ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. లోతు బావిలోంచి అప్పుడే తోడినంత చల్లగా ఉందట. ఆడంగి వేషాలు చాలించి పొయ్యమన్నాడు. ఆమె పోసింది. ఆ నీళ్లు పడుతున్నంతసేపూ చేప రాళ్ల వెనక నక్కి ఉంది.

ఆ రోజు నుంచి తొట్టిలో నీళ్లు తగ్గటం మానేశాయి. చైత్రం ఎండ గోడలు పగలగొడుతున్నా నీళ్లు ఇనుప చట్రం గీతకు వెంట్రుకవాసి దిగలేదు. సత్తెమ్మ మంచినీళ్లు పోస్తోందేమో అనుకున్నాడు ఆయన. దొర పోస్తున్నాడేమో అనుకుంది ఆమె. ఇంకో నాలుగు రోజులకు తొట్టి పక్క బండల మీద తెల్లటి మరకలు కనిపించాయి. పావలా బిళ్లంత మరకలు, ఎండిన ఉప్పువి. సత్తెమ్మను పిలిచి, మొగుడి రోగం నీకూ అంటిందా, ఇల్లంతా ఉమ్ముతున్నావని తిట్టాడు.

సత్తెమ్మ గొంతుక్కూర్చుని ఒక మరకను వేలితో ముట్టి చూసింది.

“నేను ఈ నీళ్లు ఎన్నడు నోట్ల పెట్టుకోలే దొరా,” అంది మెల్లగా. తలెత్తినప్పుడు ఆమె మొహంలో వెలుగు ఉంది. “ఆయన గిట్ల వచ్చి పోయిండా?”

నోరు మూసుకుని పని చూసుకోమన్నాడు. ఆమె మరకలు తుడిచింది. మర్నాడు మళ్లీ ఉన్నాయి. అన్నీ మధ్యాహ్నంపూట, ఇల్లు నిద్రపోయే వేళలోనే పడుతున్నాయని గమనించాడు. దొంగను పట్టుకోవటం ఆయనకు కొత్త కాదు. మర్నాడు భోజనాలయ్యాక సత్తెమ్మను ఇంటికి పంపేశాడు. కనకలక్ష్మి వెనక గదిలో పడుకుంది. చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, తొట్టికి ఎదురుగా పడక కుర్చీలో కూర్చున్నాడు.

కిటికీలకు, తలుపులకు వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లి ఉన్నాయి. బయట నిప్పులు కురుస్తున్నా హాలులో పాచిరంగు చీకటి. తడకల్లోంచి నీటిబొట్లు ఒక్కటొక్కటే బండల మీద పడుతున్నాయి. వట్టివేళ్ల వాసన కమ్మగా ఉంది. ఎక్కడో తోటలో ఒక పావురం కూసి ఊరుకుంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

డుబ్.

కళ్లు తెరిచాడు. చేప కదలకుండా నిలబడి ఉంది. ఆయన వైపు కాదు. మూల వైపు, తిత్తి వైపు చూస్తోంది.

డుబ్... డుబ్.

తిత్తి తోలు కొంచెం పైకి లేచింది. ఆగింది. మెల్లగా కిందికి దిగింది. గొట్టంలోంచి బుడగలు వచ్చాయి. మళ్లీ లేచింది. దాని దగ్గర ఎవరూ లేరు. అయినా అది నిదానంగా, పని తెలిసిన చేతి కింద ఆడినట్టు ఆడుతోంది. ఎలుక దూరి ఉంటుందని ఆయన తనకు తాను చెప్పుకున్నాడు. కర్ర గట్టిగా పట్టుకున్నాడు. చెమటకు అది జారిపోతోంది.

అప్పుడు వాసన మారింది. వట్టివేళ్ల వాసన ఎటు పోయిందో పోయింది. నానిన తాళ్లు, కుళ్లిన నాచు, చేపల పొలుసులు, ఉప్పుగాలి... ఆ వాసన దేనిదో ఆయనకు తెలియలేదు. సముద్రం చూసినవాడైతే తెలిసేది.

తిత్తి ఆగింది.

నీళ్ల మీద ఒకచోట చిన్న గుంట పడింది. వేలు ముంచినంత గుంట. దాని చుట్టూ అలలు గుండ్రంగా సాగాయి. గుంట పూడిపోయింది. రెండు నీటి చుక్కలు గాలిలోంచి కిందికి రాలాయి. కొంతసేపు ఏమీ లేదు... నాలుక చప్పరించిన చప్పుడు.

తుపుక్.

ఆయన కాలి బొటనవేలి పక్కన బండ తడిసింది.

లేవబోయాడు. లేవలేకపోయాడు. కాళ్ల మీద ఏదో బరువు. చల్లటి బరువు. అది మోకాళ్ల దాకా వచ్చింది. నడుము దాకా వచ్చింది. కిందికి చూసుకున్నాడు... పంచె పొడిగా ఉంది. బండలు పొడిగా ఉన్నాయి. అయినా రొమ్ము దాకా వచ్చింది. గొంతు దాకా వచ్చి అక్కడ నిలిచింది. అరుద్దామని నోరు తెరిచాడు. ఎక్కడినుంచో ఒక ఊపు వచ్చి తల మీదుగా పోయింది. ఊపిరి ఆగిపోయింది. కళ్లు మండాయి. అది పోగానే మళ్లీ గొంతు దగ్గర నిలిచింది. ఇంకోటి వస్తోంది. దూరం నుంచి వస్తున్నట్టు చెవులకు తెలుస్తోంది...

చెవి పక్కనే, ఎంతో వినయంగా, ఎవరో గుసగుసగా అడిగారు.

“దొరా... గిది గొంతు లోతేనా?”

ఆయన హాలులోంచి ఎలా బయటపడ్డాడో ఆయనకే తెలియదు. తడకను తలతో చీల్చుకుని వాకిట్లో ఎండలో పడ్డాడు. నోట్లోంచి ఉప్పునీళ్లు కక్కుకున్నాడు, దోసెళ్ల కొద్దీ. ముప్పై ఏళ్ల అధికారం, ఇంగ్లీషు పుస్తకాలు, లోకం మీది ఏవగింపు అంతా ఆ దుమ్ములో నాలుగు కాళ్ల మీద పాకుతోంది.

భయం పుట్టినా బుద్ధి పుట్టలేదు. సాయంత్రానికి తేరుకుని సత్తెమ్మను పిలిపించాడు. ఈ రోజే జాబు వచ్చిందనీ, ఎల్లేశం సముద్రంలో పోయాడనీ చెప్పాడు. దినవారాలు చేస్తే పీడ వదిలిపోతుందని ఆయన ఎత్తు. సత్తెమ్మ తన చేతుల గాజుల వైపు చూసుకుంది.

“ఎన్నడు పోయిండట?”

“మొన్ననో, అటు మొన్ననో. తారీకు సరిగ్గ రాయలే,” అన్నాడు ఆ మహానుభావుడు.

ఆమె గేటు దాటేదాకా నడిచి, అక్కడ కూలబడి ఏడ్చింది.

కబురు విన్న రోజు నుంచి లెక్కపెట్టి మూడో నాడు ఊరి బయట వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. మోదుగ విస్తరిలో అన్నం, చేపల కూర, దొప్పలో కల్లు, ఒక బీడీ. జనం నలభై మంది దాకా దూరంగా నిలబడ్డారు. కాకి వచ్చి ముడితే పోయినవాడికి మనసులో ఏ కోరికా మిగల్లేదన్నమాట. ముట్టేదాకా ఎవరూ కదలరు.

తుమ్మచెట్టు నిండా కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు.

ఇలాంటప్పుడు పోయినవాడికి ఏమి మిగిలిందో ఊహించి గట్టిగా మాట ఇస్తారు. వదినెను నేను చూసుకుంటానని తమ్ముడు మొగిలి చెప్పాడు. కాకులు కదల్లేదు. వలలో పడ్డ చేపల్లో వాని పాలు వాని ఇంటికే ఇస్తామని కులపెద్ద రాజయ్య చెప్పాడు. కదల్లేదు. ఎన్నడూ నీ పేరే చెప్పుకుని బతుకుతానని సత్తెమ్మ చెప్పింది. పొద్దు నెత్తి మీదికి వస్తోంది. అన్నం మెతుకులు ఎండిపోతున్నాయి.

వెంకటనారాయణ గొడుగు కింద నిలబడి ఉన్నాడు. పని సవ్యంగా ముగిసిందని కళ్లతో చూసుకుని పోదామని వచ్చాడు. ఆకలి వేస్తోంది. ఈ మొరటు మందతో కలిసి కాకి కోసం ఆకాశం చూడాల్సి వచ్చినందుకు ఒళ్లు మండుతోంది.

రాజయ్య దగ్గరికి వచ్చి చేతులు కట్టుకున్నాడు.

“దొరా, వాని పాణం మీ కాడ కొట్టుకుంటున్నట్టున్నది. ఒక్క మాట చెప్పున్రి.”

చెప్పాల్సిన మాట ఒకటుంది. జాబు వచ్చి రెండు వారాలు దాటింది, నేనే దాచాను అని. అది నాలుక దాకా వచ్చింది. నలభై మంది వింటారు. ఆ సత్తెమ్మ వింటుంది. వీళ్ల ముందరా, తాను తలవంచటమా? ఆయన దాన్ని మింగేశాడు. విస్తరి వైపు తిరిగి, కసిరినట్టు అన్నాడు.

“ఏందిరా, ఇంకేం కావాలె నీకు? నేను గూడ రావాలెనా? సరే, వస్త తియ్. ఇగ తిను.”

చెట్టు చివరి కొమ్మ మీంచి ఒక కాకి తిన్నగా విస్తరి మీద దిగింది. తల ఎత్తకుండా తింది. అన్నం, కూర అంతా అయిపోయేదాకా తింది.

జనం ఊపిరి పీల్చుకున్నారు. దొర మాటకు ఎల్లేశం మనసు కరిగిందని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. సత్తెమ్మ ఆయనకు రెండు చేతులూ జోడించింది. తాను ఇచ్చిన మాట ఏమిటో వెంకటనారాయణకు సగం దారిలో తట్టింది. నడక ఆగిపోయింది. తర్వాత గొడుగు పారేసి, ఇంటి దాకా ఇంచుమించు పరుగెత్తాడు.

వాకిలి తలుపు దగ్గరే కనకలక్ష్మి కూర్చుని ఉంది. ఆమె పక్కన తాడు కట్టిన పరుపుచుట్ట ఉంది. ముందర ఇత్తడి డబ్బా మీద గుడ్డ పరిచి మూటగడుతోంది.

“గిదేంది?” అన్నాడు.

“సద్ది. పొద్దుగూకంగ బెజవాడ బండికి పోవాలంటిరి గద.”

“ఎవరన్నరు?”

ఆమె విసుగ్గా తలెత్తింది. “మీరే. జరసేపు కిందట పెరటి తలుపు కాడ నిలబడి చెప్పిన్రు. చావు కాడికెళ్లి వచ్చిన, తానం చెయ్యంది లోపలికి రానంటిరి. నేను గూడ తలుపు తియ్యలే.”

ఆయన పెరటి వైపు చూశాడు.

“నా గొంతేనా?”

“ముప్పై ఏండ్లాయె, మీ గొంతు నాకు తెల్వదా,” అంటూ కనకలక్ష్మి మూట ముడి బిగించింది. “గాని, ఇద్దరికి సరిపోను కట్టమంటిరి. ఆ ఇంకొకరెవరు?”